ఇటలీకి వారం రోజులు: ఎనిమిది చోట్లు పెట్టుకున్నాం, కుదురుతుందా?

నీలిగోరింట
మే రెండో వారంలో ఇటలీ వెళ్దామనుకుంటున్నాం. ఐదుగురం: మేమిద్దరం, పదేళ్ళ పాప, అత్తయ్య, మావయ్య. ఆఫీసులో దొరికింది వారం సెలవే. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి, పై శనివారం ఇటలీ నుంచి తిరుగు విమానం. టికెట్లు ఇంకా కొనలేదు, రోమ్‌కి రానూపోనూ చూస్తున్నాం.

మా ఆయన వేసిన లెక్క ఇది. శనివారం మధ్యాహ్నం రోమ్‌లో దిగడం. ఆదివారం వాటికన్, కొలోసియం. సోమవారం పొద్దున్నే బయల్దేరి పాంపే, అమాల్ఫీ చూసుకుని రాత్రికి మళ్ళీ రోమ్. మంగళవారం పీసా మీదుగా ఫ్లోరెన్స్. బుధవారం సముద్రం ఒడ్డునున్న చింక్వె తెర్రె ఊళ్ళు ఐదు. గురువారం వెనిస్. శుక్రవారం మిలాన్ చూసి రాత్రికి రోమ్. శనివారం విమానం.

మ్యాప్‌లో చూస్తే అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. మావయ్యకి మోకాళ్ళ నొప్పి, మెల్లగా నడుస్తారు. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. ఇది జరిగే పనేనా? ఏవి తీసేయాలో చెప్పండి. వెనిస్ తీసేయమని మాత్రం అనొద్దు, పాప ఆర్నెల్లుగా పడవల బొమ్మలు గీస్తోంది.

రైలుబండి
ఆదివారం వాటికన్ మ్యూజియంలు మూత. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ఆ రోజు టికెట్టు ఉండదు కాబట్టి జనం విరగబడతారు. మీది రెండో వారం. అంటే మొదటి రోజు దగ్గరే లెక్క మారిపోవాలి. మిగతాది సాయంత్రం తీరిగ్గా రాస్తా.

గుంటూరు_గోల
పాప వెనిస్ కోసం ఏడుస్తుందేమో గానీ, ఈ లెక్కన శుక్రవారం మిలాన్ స్టేషన్లో మావయ్యగారు ఏడుస్తారండీ.

తెనాలి77
ఊళ్ళు కాదు, రాత్రులు లెక్కపెట్టండి. శనివారం నుంచి శనివారం దాకా మీకున్నవి ఏడు రాత్రులు. దిగిన రోజు నిద్రమత్తులో గడిచిపోతుంది, ఆఖరి శనివారం విమానాశ్రయానికే సరి. చేతిలో నికరంగా ఉండేవి ఆరు రోజులు. ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట పోతుంది. పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చేయాలి, రైలెక్కాలి, కొత్త ఊళ్ళో గది వెతుక్కోవాలి. చాలాచోట్ల మధ్యాహ్నం రెండు మూడింటి దాకా గది ఇవ్వరు. ఐదుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక చిన్నపిల్ల అంటే ఆ పూట కాస్తా ముప్పాతిక రోజవుతుంది. మూడు ఊళ్ళకి మించి బస పెట్టుకోకండి.

డల్లాస్_బాబాయి
నేను ఒప్పుకోను. అత్తామామలకి మళ్ళీ ఇటలీ వచ్చే వీలు ఎప్పుడు పడుతుందమ్మా? వీసాలకీ విమానాలకీ అంత పోశాక, పీసా గోపురం చూడకుండా వెనక్కి వస్తే చుట్టాలు అడిగే మొదటి మాట అదే. మేం బస్సు టూరులో యూరప్ తిరిగాం. పొద్దున ఆరింటికే లేపేవాళ్ళు, రోజుకో ఊరు. మా అమ్మకి అప్పటికి డెబ్బై దగ్గర. ఒక్కరోజు కూడా అలిశానని అనలేదు. పెద్దవాళ్ళ ఓపికని మనమే తక్కువ చేసి చూస్తాం.

తెనాలి77
బాబాయ్, టూరు బస్సు సంగతి వేరు. పెట్టెలు వాళ్ళే ఎక్కిస్తారు, హోటల్ గుమ్మంలో దింపుతారు, వేళకి అన్నం పెడతారు. వీళ్ళు ఐదు పెట్టెలతో రైళ్ళు మారాలి.

ఓరుగల్లు_పిల్ల
బాబాయి చెప్పింది అంత తీసిపారేసే మాట కాదు. మా అమ్మానాన్నలను మేం గ్రూప్ టూర్ల పంపినం, వాళ్ళు మస్తు ఖుషీగా వచ్చిండ్రు. మన వంటమనిషి, మన భాష మాట్లాడేటోళ్ళు పక్కన. సొంతంగ పోతే అన్నీ మనమే చూస్కోవాలె. నీలిగోరింట అక్కా, టూర్ కంపెనీలను అడిగినవా?

నీలిగోరింట
అడిగామండీ. హోటళ్ళు ఊరికి బాగా దూరంగా ఇస్తున్నారు, వెనిస్‌లో సగం పూటే అన్నారు. మావయ్యకి చర్చిలన్నా పాత కట్టడాలన్నా ప్రాణం, సివిల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆయన ఒకచోట కూర్చుని చూడాలనుకుంటే బస్సు ఆగదు కదా. అందుకే సొంతంగా వెళ్దామని.

రైలుబండి
పొద్దున చెప్పిన మిగతాది.

పెద్ద ఊళ్ళ మధ్య నిజంగానే దగ్గర. హైస్పీడ్ బండిలో రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు, రోమ్ నుంచి నేపుల్స్ గంటా పది నిమిషాలు, రోమ్ నుంచి మిలాన్ మూడు గంటలు. ఈ బళ్ళు రెండు రకాలు: ఫ్రెచ్చారోస్సా ప్రభుత్వ రైల్వేది. ఇటాలో 2012లో మొదలైన ప్రైవేటు కంపెనీది. రెండూ పోటీ మీద నడుస్తాయి కాబట్టి, ముందుగా కొంటే ఇరవై ముప్ఫై యూరోల్లో టికెట్టు దొరుకుతుంది. ప్రయాణం రోజున అదే సీటు రెట్టింపు. చౌక టికెట్లకి ఆ బండి తప్పితే ఇంకో బండి ఎక్కనివ్వరు, అది చూసుకోండి.

చిక్కంతా చిన్న ఊళ్ళ దగ్గరే. అమాల్ఫీకి రైలు లేదు. నేపుల్స్‌లో దిగి, అక్కడి లోకల్ బండిలో సొరెంటోకి గంటకు పైన, ఆ తర్వాత సముద్రం మీదికి వాలిన కొండ అంచున మలుపుల రోడ్డు మీద బస్సులో ఇంకో గంటన్నర. పొద్దున్నే రోమ్‌లో బయల్దేరి రాత్రికి తిరిగి రావాలంటే, ఎదురుచూపులు కాక, బళ్ళలోనే ఎనిమిది గంటలు పోతాయి. మధ్యలో పాంపే కూడానా? చింక్వె తెర్రె చేరడానికి ఫ్లోరెన్స్ నుంచి దాదాపు రెండున్నర గంటలు, సాధారణంగా పీసాలోనో లా స్పెజియాలోనో బండి మారాలి. ఆ ఐదు ఊళ్ళూ కొండవాలు మీద కట్టినవి, ఎటు కదిలినా ఎక్కడమో దిగడమో. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని ఒక్కరోజులో తిప్పి తీసుకురావడం ఆయనకే బాధ. మీ శుక్రవారం వెనిస్ నుంచి మిలాన్, అక్కడి నుంచి రోమ్ అంటే రైల్లోనే ఐదు గంటలకు పైన. మిలాన్‌లో మీరు చూసేది స్టేషనే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. రోమ్‌కి రానూపోనూ టికెట్టు కొనకండి. వెనిస్‌లో దిగి, రోమ్‌లో ఎక్కండి. విమాన సైట్లలో మల్టీ సిటీ అని ఉంటుంది, అక్కడ వెతకండి. గల్ఫ్ మీదుగా వెనిస్‌కి కూడా విమానాలున్నాయి. ధర చాలాసార్లు రానూపోనూ టికెట్టుకి దగ్గరగానే ఉంటుంది. వెనిస్ నుంచి రోమ్‌కి వెనక్కి రావడానికి అయ్యే నాలుగు గంటలూ, ఐదుగురి రైలు ఖర్చూ మిగులుతాయి. వెనిస్‌లో రెండు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో రెండు, రోమ్‌లో మూడు. పెట్టెలు మోసుకుని రైలెక్కేది రెండేసార్లు.

తెనాలి77
రైలుబండి గారి లెక్కే నాదీ. రెండు, రెండు, మూడు.

శాతవాహన
నా మాట వేరు. వెనిస్ పాప కోసం ఉంచండి, సరే. కానీ ఫ్లోరెన్స్ ఎందుకు? ఆ రెండు రాత్రులూ నేపుల్స్‌కి ఇవ్వండి. మావయ్యగారు సివిల్ ఇంజనీరు అంటున్నారు. పాంపే చూస్తే ఆయన వదిలి రారు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన ఊరు. రోడ్డు మీద బండి చక్రాల గాడులు, వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్ళు, సీసపు నీటి గొట్టాలు, రొట్టెల పొయ్యిలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఊళ్ళో ఇంకా మూడో వంతు తవ్వనే లేదు.

ఇంకొకటి, మనకి సంబంధించినది. 1938లో పాంపేలో ఒక ఇంట్లో ఏనుగుదంతపు చిన్న స్త్రీమూర్తి దొరికింది, జానెడు పైన ఎత్తు. నగలు, జడ, పక్కన ఇద్దరు చెలికత్తెలు, చూడగానే మన దేశపు పనితనమని తెలుస్తుంది. పాంపే లక్ష్మి అన్న పేరు స్థిరపడింది గానీ ఆమె యక్షి అయి ఉంటుందని చాలామంది పండితుల మాట. అలాంటి బొమ్మలే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ తవ్వకాల్లో బయటపడ్డాయి. అదంతా శాతవాహనులు ఏలిన దక్కను. అటు మన నల్గొండ జిల్లాలో రోమన్ నాణేలు కుండలకొద్దీ దొరికాయి. ఆ బొమ్మ ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. తెలుగువాళ్ళు ఇటలీ దాకా వెళ్ళి ఆమెని చూడకుండా వస్తుంటే నాకు మనసొప్పదు.

కుంచె
శాతవాహన గారూ, బొమ్మ సంగతి చెప్పినందుకు దండం. కానీ ఫ్లోరెన్స్‌ని తీసేయమంటే ఊరుకోలేను. సివిల్ ఇంజనీరుకి చూపించాల్సింది అక్కడి పెద్ద చర్చి మీద బ్రునెల్లెస్కీ కట్టిన గోపురం. 1420లో మొదలుపెట్టి 1436కల్లా, కింద నుంచి కర్రల సారువ ఆనించకుండా లేపాడు. ఇటుకని చేపముల్లు వరసలో పేర్చి, లోపలొకటి బయటొకటి రెండు పెంకులుగా కట్టాడు. ఇవాళ్టికీ ఇటుకలతో కట్టిన గోపురాల్లో అంత పెద్దది ఇంకొకటి లేదు. పైకెక్కాలంటే 463 మెట్లు, లిఫ్టు లేదు, కాబట్టి మావయ్యగారు కింద చౌక్‌లో కూర్చుని చూస్తారు. పక్కనే ఉన్న మ్యూజియంలో ఆ గోపురపు చెక్క నమూనాలు పెట్టారు. అక్కడ లిఫ్టు ఉంది. ఆయన్ని అక్కడ ఒక పూట వదిలేయండి.

ఇక మికెలాంజెలో దావీదు విగ్రహం. 1501 నుంచి 1504 దాకా చెక్కాడు. అంతకుముందు వేరే శిల్పులు పని మొదలుపెట్టి వదిలేసిన పాలరాయి అది. నిలువు ఐదు మీటర్ల పైన. ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా, ఆ కుడిచేతి నరాలు ఎదురుగా నిలబడి చూస్తే గానీ తెలియదు. నేను బొమ్మలు గీసి బతికేవాడిని. ఆ గదిలోకి వెళ్ళాక మాట రాలేదు.

మిలానో_విద్యార్థి
ఇక్కడ చదువుకుంటున్నాను కాబట్టి మా ఊరిని వెనకేసుకు రావాలి, కానీ కుంచె గారి మాటే ఈసారికి నిజం. మిలాన్‌లో చూడాల్సింది డువోమో అనే పెద్ద చర్చి, లియొనార్డో ఆఖరి విందు చిత్రం. ఆ చిత్రం ముందు పదిహేను నిమిషాలే నిలబడనిస్తారు, సోమవారం మూత, టికెట్లు నెలల ముందే అయిపోతాయి. అది దొరక్కపోతే వారం ట్రిప్పులో మిలాన్‌కి చోటు లేదు. మా అమ్మానాన్న వచ్చినప్పుడు కూడా మిలాన్‌లో దిగి, మర్నాడే రైలెక్కించాను.

కారు అద్దెకి తీసుకుందామని ఎవరైనా అంటే వద్దనండి. పాత ఊళ్ళ నడిబొడ్డులో బయటి కార్లు రాకూడని జోన్లు ఉంటాయి, కెమెరాలు నంబరు పట్టేస్తాయి. జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. వెనిస్‌లో అసలు కారు పోదు.

శాతవాహన
కుంచె గారి గోపురం ముందు నేను తగ్గుతున్నాను. మరి రోమ్‌లో మూడు రాత్రులున్నాయి కదా, అందులో ఒక రోజు నేపుల్స్, పాంపే వెళ్ళి రావచ్చు. పొద్దున ఏడింటి బండి ఎక్కితే ఎనిమిదింపావుకల్లా నేపుల్స్, అక్కడి నుంచి లోకల్ బండిలో నలభై నిమిషాల లోపు పాంపే. అమాల్ఫీ మాట ఎత్తకపోతే ఇది కుదిరే పని.

రైలుబండి
కుదురుతుంది. కానీ బుధవారం రోమ్ చేరితే, గురు శుక్రవారాలే నిండు రోజులు. ఒకటి పాంపేకి పోతే వాటికన్, కొలోసియం రెండూ ఒకే రోజున పడతాయి. మీ ఆయన, పాప మాత్రం పాంపే వెళ్ళి, అత్తామామలు ఆ రోజు రోమ్‌లో నెమ్మదిగా ఉంటామంటే వేరు.

డల్లాస్_బాబాయి
అందరూ కలిసి పీసాని నొక్కేశారు.

కుంచె
బాబాయి గారూ, పీసాకి దారి ఉంది. ఈ లెక్కలో సోమవారం వెనిస్ నుంచి ఫ్లోరెన్స్ వస్తారు. సోమవారం ఉఫీజీ చిత్రాల మ్యూజియం, దావీదు ఉన్న అకాడెమియా రెండూ మూత. ఎలాగూ మ్యూజియంలు లేవు కాబట్టి పెట్టెలు హోటల్లో పడేసి, మధ్యాహ్నం పీసా బండి ఎక్కొచ్చు. రీజినల్ బండిలో, అంటే మామూలు లోకల్ బండిలో, గంట, రోజంతా తిరుగుతూనే ఉంటాయి. పీసా చెంత్రాలే స్టేషన్ నుంచి గోపురం దగ్గరికి బస్సుంది. మే నెలలో చీకటి పడేది ఆలస్యంగానే, సాయంత్రం ఎండ పాలరాతి మీద పడ్డప్పుడు బాగుంటుంది కూడా. గోపురం ఎక్కడానికి ఎనిమిదేళ్ళు నిండాలి, పాపకి పదేళ్ళు కాబట్టి వాళ్ళ నాన్నతో ఎక్కొచ్చు.

డల్లాస్_బాబాయి
ఇదీ మాట! కుంచె, నీకు డల్లాస్‌లో భోజనం బాకీ.

గుంటూరు_గోల
రీజినల్ బండికి కాగితం టికెట్టు కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదున్న మెషిన్లో ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా రాస్తారు, తెలీదంటే వినరు.

నీలిగోరింట
పీసా గురించి వినగానే మా ఆయన మొహం వెలిగింది. వెనిస్‌లో దిగడం ఖాయం చేస్తున్నాం. ఇప్పుడు రెండు భయాలు: మావయ్య మోకాళ్ళకి వెనిస్ వంతెనలు, అత్తయ్య తిండి. వెనిస్‌లో గది ఎక్కడ? మేస్త్రేలో సగం ధరకే కనిపిస్తున్నాయి.

రైలుబండి
మేస్త్రే ప్రధాన భూభాగం మీద ఉన్న ఊరు. వెనిస్ దీవిలోకి రైలు పది పన్నెండు నిమిషాలే, అయినా మధ్యాహ్నం మావయ్యగారు కాసేపు నడుం వాల్చాలంటే గది దగ్గర్లో ఉండాలి. పైగా వెనిస్ అందం పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిది తర్వాత. పగటి జనం వెళ్ళిపోయాక ఊరు మీది అవుతుంది. రెండు రాత్రులే కాబట్టి ఖర్చు పెట్టండి. విమానాశ్రయం నుంచి బస్సు ప్యాత్సాలే రోమాలో దింపుతుంది, చక్రాల బండి ఏదైనా అక్కడితో ఆఖరు. సాంతా క్రోచె పేట వైపు, దారిలో ఎన్ని వంతెనలు దాటాలో హోటల్ వాళ్ళని ముందే అడిగి గది తీసుకోండి. ప్రతి వంతెనా మెట్లే, పెట్టె ఎత్తి మోయాల్సిందే. రైలు కొనేటప్పుడు వెనేత్సియా సాంతా లూచియా స్టేషన్ అని చూసి కొనండి, మేస్త్రే కాదు.

మిలానో_విద్యార్థి
మోకాళ్ళకి మందు వాపొరెత్తో, అంటే అక్కడి సిటీ బస్సు లాంటి పడవ. ఒకసారి ఎక్కితే 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. రెండు రోజుల పాసు 35. ఒకటో నంబరు పడవ గ్రాండ్ కెనాల్ పొడుగునా ఆగుతూ పోతుంది, ముందు సీట్లు దొరికితే మావయ్యగారికి నడవకుండానే రాజభవనాలన్నీ కనిపిస్తాయి. గొండోలాకి ఊరు పెట్టిన రేటు ఉంది: పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. అది పడవకి, మనిషికి కాదు. ఐదుగురిని ఎక్కించుకుంటారు, మీరు సరిగ్గా ఐదుగురు.

ఏప్రిల్ నుంచి జూలై దాకా కొన్ని రోజుల్లో, ముఖ్యంగా వారాంతాల్లో, పగటికి వచ్చిపోయేవాళ్ళ దగ్గర వెనిస్‌లో ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. 2024లో మొదలైంది. రాత్రి బస చేసేవాళ్ళు కట్టక్కర్లేదు, కానీ మినహాయింపు కోసం వాళ్ళ సైట్లో నమోదు చేసుకుని కోడ్ దగ్గర ఉంచుకోవాలి.

కరివేపాకు
తిండి సంగతి నాకు వదిలేయండి. మేం కూడా గుడ్డు ముట్టని ఇంటివాళ్ళమే.

అక్కడ ఎండు పాస్తాలో గుడ్డు ఉండదు, ఉత్త గోధుమరవ్వ. అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో, తల్యాతెల్లె లాంటి వాటిలో, గుడ్డు ఉంటుంది. అందుకని అత్తయ్యగారికి స్పగెట్టి అల్యో ఓల్యో చెప్పండి. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి. మన నోటికి పట్టే రుచి. పొమొదోరో, అంటే టమాటాది, కూడా సరే. కార్బొనారాలో గుడ్డు, పందిమాంసం రెండూ ఉంటాయి. రిజొత్తో అనే బియ్యం వంటకంలో ఏం కనిపించకపోయినా తరచుగా మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారు, అడగకుండా తీసుకోవద్దు. పిజ్జాలో మరినారాకి చీజ్ కూడా ఉండదు. పార్మెజాన్, పెకొరీనో చీజ్‌ల తయారీలో దూడ, గొర్రెపిల్లల పొట్టలోంచి తీసిన, పాలు విరగ్గొట్టే రెన్నెట్ వాడతారు, ఆ పట్టింపు ఉంటే పైన చల్లొద్దని చెప్పాలి. ఫోన్లో ఒక మాట రాసి పెట్టుకోండి: సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా ఉవోవా. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. చూపిస్తే చాలు, ఏది తినొచ్చో వాళ్ళే చెప్తారు, విసుక్కోరు.

రాత్రి భోజనం చాలా హోటళ్ళలో ఏడున్నర దాకా మొదలవ్వదు. మన పెద్దవాళ్ళకి ఏడింటికే ఆకలి. ఫ్లోరెన్స్‌లో, రోమ్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, ఒక పూట పెరుగన్నం వండుకుంటే మూడు రోజులు నడుస్తారు. రోమ్‌లో తెర్మిని స్టేషన్ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్‌లో మన బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి దొరుకుతాయి.

ఓరుగల్లు_పిల్ల
కరివేపాకు అక్కా, తొక్కులు తీస్కపోవచ్చా?

కరివేపాకు
ఆవకాయ, పొడులు బాగా సీలు చేసి చెకిన్ పెట్టెలో పెట్టుకోవచ్చమ్మా. పాలు, మాంసం కలిసినవి మాత్రం బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. అంటే నెయ్యి, పాలకోవా, పూతరేకులు ఇంట్లో వదిలేయాల్సిందే.

గుంటూరు_గోల
బిల్లులో కోపెర్తో అని తలకి రెండు మూడు యూరోలు కనిపిస్తుంది, గొడవపడకండి, అది కూర్చున్నందుకు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరో, యూరోన్నర. అదే చౌక్‌లో కుర్చీ వేసుకుంటే కొన్ని రెట్లు. హోటల్ దిగేటప్పుడు తలకీ రాత్రికీ ఇంత అని ఊరి పన్ను విడిగా కట్టాలి, చాలాచోట్ల అది ముందు చూపించిన ధరలో ఉండదు.

పాస్‌పోర్ట్_పద్దు
వీసా ముందు చూడండి, మిగతావన్నీ తర్వాత. ఆర్నెల్ల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు, 45 రోజుల దాకా పట్టొచ్చు. ఎండాకాలం సెలవులకి హైదరాబాద్‌లో స్లాట్లు దొరకడమే కష్టం కాబట్టి ఫిబ్రవరిలోనే పట్టండి. పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45. ఐదుగురికీ 30,000 యూరోలకి తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. అత్తామామల ఖర్చు మీదైతే ఆ ఉత్తరం, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు వాళ్ళ ఫైల్లో కూడా పెట్టండి. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటారో రోజువారీ రాయాలి, హోటల్ బుకింగులు దానికి సరిపోవాలి. అందుకే రద్దు చేసుకోగలిగే గదులే తీసుకోండి. మీ మొదటి లెక్కతో పెట్టి ఉంటే ఆ కాగితం చూసే ఆఫీసరుకే అలుపొచ్చేది.

మిలానో_విద్యార్థి
సమ్మెల గురించి ఎవరూ చెప్పలేదు. షోపెరో అంటారు, శుక్రవారాల్లో ఎక్కువ. ముందే ప్రకటిస్తారు కాబట్టి బయల్దేరే వారం ముందు చూసుకోవచ్చు. సమ్మె రోజున కూడా పనిదినాల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది రీజినల్ బళ్ళు తప్పకుండా నడపాలి. మీ ఊరి మార్పులు సోమవారం, బుధవారం పడ్డాయి, అది మంచిదే.

రోమ్‌లో తెర్మిని చుట్టుపక్కల, కిక్కిరిసిన బస్సుల్లో జేబుదొంగలు ఉంటారు. పాస్‌పోర్టులు చొక్కా లోపలి సంచీలో పెట్టండి. మా నాన్నగారి పర్స్ కళ్ళముందే మాయమైంది. రోమ్ వీధుల్లో ఇనుప కుళాయిలు నిరంతరం పారుతుంటాయి, ఆ నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

నీలిగోరింట
ఇంట్లో అందరం కూర్చుని తేల్చాం. శని, ఆది వెనిస్. ఆదివారం పొద్దున సాన్ మార్కో చౌక్, మధ్యాహ్నం బురానో దీవి, సాయంత్రం గొండోలా. సోమవారం పొద్దున ఫ్లోరెన్స్, మధ్యాహ్నం పీసా. మంగళవారం పొద్దున ఉఫీజీ, మధ్యాహ్నం మావయ్య గోపురం మ్యూజియంలో, మేం దావీదు దగ్గర. బుధవారం రోమ్ చేరి నేరుగా వాటికన్. గురువారం కొలోసియం. శుక్రవారం మా ఆయన, పాప పాంపే. మేం ముగ్గురం పాంథియన్ అనే పాత రోమన్ గుడి దగ్గర. అమాల్ఫీ, చింక్వె తెర్రె, మిలాన్ మూడూ కొట్టేశాం. శాతవాహన గారూ, నేపుల్స్ మ్యూజియం కూడా చూసి రమ్మని చెప్పాను.

శాతవాహన
చల్లగా ఉండండి. మ్యూజియం ఆ రోజు తెరిచి ఉందో లేదో చూడమనండి, దానికి మంగళవారం సెలవు, శుక్రవారం పర్వాలేదు. ఆ బొమ్మ రహస్య గది అనే విభాగంలో ఉంటుంది. పాంపేలో దొరికిన, పెద్దలకి మాత్రమే అన్న బొమ్మలూ ఆ గదిలోనే పెట్టారు, పాపని బయట నిలబెట్టాల్సి రావచ్చు.

రైలుబండి
ఒక్క మార్పు. బుధవారం వాటికన్ వద్దు. పోప్ రోమ్‌లో ఉంటే బుధవారం పొద్దున సెయింట్ పీటర్స్ చౌక్‌లో దర్శనం ఇస్తారు, అటువైపంతా జనం, చర్చిలోకి మధ్యాహ్నం దాకా పోనివ్వరు. మీరు చేరేది మధ్యాహ్నమే అయినా, రైలు దిగి మ్యూజియంల నిడివి నడవడం మావయ్యగారికి బరువు. బుధవారం సాయంత్రం త్రేవీ ఫౌంటెన్, పాంథియన్ వైపు తిరగండి. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి కొలోసియం. శుక్రవారం పాంపే వెళ్ళేవాళ్ళు వెళ్తే, మీరు ముగ్గురూ వాటికన్.

నీలిగోరింట
అప్పుడు మా ఆయనా పాపా సిస్టైన్ చాపెల్ చూడరు కదా?

కుంచె
చూడాలి, తప్పకుండా చూడాలి. గురువారం పొద్దున కొలోసియం, భోజనం, కాస్త నిద్ర, మూడున్నరకి అందరూ వాటికన్ మ్యూజియం. మధ్యాహ్నం రద్దీ కొంచెం తగ్గుతుంది. మావయ్యగారికి అక్కడ చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, ముందే అడగండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు అందరికీ. సిస్టైన్ చాపెల్‌లో పైకప్పు మీది మికెలాంజెలో చిత్రాలు చూడటానికి గోడ వార బల్లలుంటాయి, ఖాళీ కాగానే పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి, తల వెనక్కి వాల్చి చూడాలి కదా.

నీలిగోరింట
అలాగే చేస్తాం. కొలోసియం టికెట్లు ఇవాళే కొనేయనా?

రైలుబండి
అమ్మకం 30 రోజుల ముందే మొదలవుతుంది, అధికారిక సైట్లోనే కొనండి, ఏప్రిల్‌లో అలారం పెట్టుకోండి. మంచి వేళలు త్వరగా పోతాయి. పాపకి 18 లోపు కాబట్టి కొలోసియం, ఉఫీజీ ప్రవేశం ఉచితం, అయినా ఆమె పేరు మీద టికెట్టు తీయాలి. వాటికన్ మాత్రం వేరే దేశం కదా, అక్కడ పిల్లలకి తగ్గింపు ధర. కొలోసియం టికెట్టు మీద ఒక్కొక్కరి పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు.

పాస్‌పోర్ట్_పద్దు
ఆ పేరు విషయంలో జాగ్రత్త. మన పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కోసారి పూర్తిగా, ఒక్కోసారి ఒక్క అక్షరంగా, ఒక్కోసారి అసలు ఖాళీగా ఉంటుంది. మావయ్యగారి పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని విమానం, వీసా, రైలు, కొలోసియం అన్నిట్లో ఒకే తీరుగా కొట్టండి.

నీలిగోరింట
ఇప్పుడే తీసి చూశాను. మావయ్యది పూర్తి ఇంటిపేరు, అత్తయ్యది ఒక్క అక్షరం. ఇద్దరివీ వేరువేరుగా రాసి ఫ్రిజ్ మీద అంటించాను.